ఏ లోపమూ లేని ఇరవై ఏడో బండి

ఆ డిపోలో పదకొండు నెలలుగా ఒక్క బస్సయినా చెడిపోలేదు. నమ్మకం లేకపోతే హెడ్డాఫీసు రికార్డు తీసి చూసుకోవచ్చు. ఇరవై ఏడు బస్సులు, ఒక్కోదానికి రోజుకి నాలుగైదు ట్రిప్పులు, వెన్నుపూసలు ఊడిపోయే రోడ్లు, తలుపు పట్టుకొని వేలాడే జనం. అయినా ఒక్క బ్రేకు అరగలేదు, ఒక్క బెల్టు తెగలేదు, ఒక్క బల్బు మాడలేదు. ఇనుముకి కూడా మర్యాద నేర్పిన డిపో భూమండలం మీద అదొక్కటే.

మరి ఆ డిపో షెడ్డులో మేస్త్రి నడుం ఎందుకు వంగిపోయిందంటే, దానికి రికార్డులో గడి లేదు.

మేస్త్రికి యాభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై మూడేళ్ళుగా బస్సుల కింద పనిచేసీ చేసీ, ఇంట్లో మంచం మీద పడుకున్నా పైకప్పులోంచి ఆయిలు కారుతోందేమోనని చూసే స్థితికి వచ్చాడు. అతని కింద ఇద్దరే ఇద్దరు. ఒకడు సొంత బావమరిది. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకీ పిడి చెవికీ ఆనించి, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేస్తాడు. ఒకసారి బస్సు ఇంకా రెండు వీధుల అవతల ఉండగానే టీ గ్లాసు పక్కన పెట్టి, "నాలుగో సిలిండరు" అంటూ లేచాడని చెప్పుకుంటారు. రెండు కాదు మూడు వీధులని వాదించేవాళ్ళూ ఉన్నారు. రెండో మనిషి తూనీగ. వైరింగు పని ఆవిడది. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గాని అక్కడే ఉండిపోయింది. స్టీరింగు వెనక ఇరుకులోకి అందరూ చెయ్యి దూర్చి వెతికితే తూనీగ తానే దూరి వెతుకుతుందని డ్రైవర్ల మాట.

ఏడాది కిందట గేటు దగ్గర గోడకి ఒక టాబ్లెట్టు బిగించారు. డిపో మొత్తం దాన్ని 'పలక' అంది. ఉద్దేశం మంచిదే. బండికి ఏం బాగాలేకపోయినా డ్రైవరు దిగగానే పలకలో నమోదు చెయ్యాలి. పలకలో నలభై రెండు లోపాల జాబితా ఉంటుంది, అందులో ఒకటి నొక్కాలి, ఫోటో తీసి జతచెయ్యాలి. నేర్పడానికి వచ్చినాయన ఇదంతా చెప్పి ఏమైనా అనుమానాలున్నాయా అని అడిగాడు. అడగకుండా ఉండాల్సింది.

డ్రైవర్లలో పెద్దవాడు లేచాడు. ఏ ప్రశ్నకైనా మూడు తరాల వెనకనుంచి జవాబు మొదలుపెడతాడు కాబట్టి అతన్ని 'గ్రంథం' అంటారు.

"నా బండి మలుపు తిరిగేటప్పుడు వెనకెక్కడో మూలుగుతుంది బాబూ. ఎడమ మలుపులోనే. అదీ నిండా జనం ఉంటేనే. జాబితాలో మూలుగు లేదు. పోనీ ఏదో ఒకటి నొక్కుతాను. మూలుక్కి ఫోటో ఎలా తియ్యమంటావు?"

నేర్పడానికి వచ్చినాయన సీసా ఎత్తి నీళ్ళు తాగాడు. సీసా ఖాళీ అయ్యాక కూడా తాగుతూనే ఉన్నాడు.

అసలు చిక్కు ఫోటోతో కాదు. పలకలో లోపం పడిన మరుక్షణం ఆ బండికి తాళం పడుతుంది. హెడ్డాఫీసు అనుమతి నంబరు వచ్చేదాకా గేటు లేవదు. ఆ నంబరు లేనిదే స్టోర్సులో కొత్త సామాను ఇవ్వరు. మూడు రోజుల్లో నంబరు వస్తే ఆ వారం పండినట్టే. మొదటివారంలో ఒక పిచ్చి నిజాయితీపరుడు 'సీటు కదులుతోంది' అని నొక్కాడు. బిగిస్తే రెండు నిమిషాల పని. బండి తొమ్మిది రోజులు కదల్లేదు. ఆ తొమ్మిది రోజులూ ఆ రూటులో నడిచిన జనం, ఇప్పటికీ అతన్ని చూస్తే దారి తప్పుకుంటారు.

ఆ తర్వాత ఎవరూ పలకని ముట్టుకోలేదు. గేటు గుమాస్తా మాత్రం పొద్దున్నే వచ్చి ఒకే ఒక్క మీట నొక్కేవాడు: 'అన్ని వాహనాలూ సక్రమం.' పలక సంతోషంగా పచ్చబడేది.

పని మాత్రం ఆగలేదు. మొదట గ్రంథమే తన మతిమరుపుకి మందుగా ఎడమవైపు అద్దానికి చేతిరుమాలు చింపి కట్టుకున్నాడు, షెడ్డులో చెప్పడం మరిచిపోకూడదని. మర్నాడు ఇంకొకడు కట్టాడు. నెల తిరిగేసరికి అదొక భాష అయిపోయింది. ఎర్రగుడ్డ బ్రేకుకి, అది కనిపిస్తే బండి తిన్నగా షెడ్డులో రిపేరు గుంత మీదికి రావాలి, ఒక్క ట్రిప్పు కూడా తిరగడానికి లేదు. సీటు కవర్ల నీలం గుడ్డ కరెంటు పనికి. పాత యూనిఫారం ముక్క గేరుకి. గళ్ళ చొక్కా ముక్క ఉంటే, 'ఏదో చప్పుడు, ఏమిటో తెలీదు, బావమరిదిని పిలవండి' అని. మేస్త్రి షెడ్డు గుమ్మంలో నిలబడి వచ్చే బస్సుల అద్దాలు చూస్తే చాలు, ఆ పూట పనంతా కళ్ళముందు ఉండేది.

సామాను ఎక్కడిది? షెడ్డు వెనక ఇరవై ఏడో నంబరు బండి ఉంది. నాలుగేళ్ళ కిందట పనికిరాదని పక్కన పెట్టారు. తీసుకుపోవడానికి కాగితం రావాలి, రాలేదు కాబట్టి హెడ్డాఫీసు లెక్కలో అది ఇంకా ఉంది. వీళ్ళు దాంట్లోంచి ఒక్కో ముక్కే విప్పి మిగతా ఇరవై ఆరింటికీ ప్రాణం పోశారు.

అలా పదకొండు నెలలు నడిచాక ఒక శుక్రవారం ఉత్తరం వచ్చింది. మేస్త్రి చదివి, కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చదివి, పైకి చదివాడు. ఈ డిపోలో లోపాలే లేవు కాబట్టి షెడ్డుకి ముగ్గురు అక్కర్లేదు. జూనియర్లు ఇద్దర్నీ ఒకటో తారీకు నుంచి సెంట్రల్ వర్క్‌షాపుకి పంపుతారు. సీనియరు టైర్లకి గాలీ రేడియేటర్లకి నీళ్ళూ పట్టడానికి ఉంటాడు. వచ్చే గురువారం ఒక అధికారి వచ్చి చూసి వెళతారు.

"ఓహో," అన్నాడు బావమరిది. "బాగా పనిచేశాం కాబట్టి మనకి పని లేదన్నమాట. మెచ్చుకోలు బాగుంది బావా."

"మీకేం పర్లేదులే మేస్త్రిగారూ," అంది తూనీగ, గోళ్ళలో మసి గీక్కుంటూ. "గాలి కొట్టుకుంటూ కూర్చోండి."

ఎగతాళికి అన్నదే. కానీ మేస్త్రి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సెంట్రల్ వర్క్‌షాపులో ఒక్కొక్కరికీ ఒకే పని. సీట్లు బిగించేవాడు చచ్చేదాకా సీట్లే బిగిస్తాడు. బావమరిది చెవికి అక్కడ పనేమిటి, చెక్కసీటుకి ఆనించుకొని వినడమా? తూనీగ సంగతి ఇంకా కష్టం. వర్క్‌షాపుకి పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర. వాళ్ళాయనకి మిల్లులో షిఫ్టులు. పాపకి ఉబ్బసం. స్కూలు నుంచి ఫోనొస్తే పది నిమిషాల్లో అక్కడుండాలి. వారానికి ఒకసారైనా తూనీగ స్పానరు కిందపడేసి పరుగెత్తుతుంది.

"నేను మానేస్తాను, అంతే," అంది, వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా.

"ఒకటో తారీకు ఇంకా రాలేదు కదమ్మాయ్. ఇప్పట్నించే మానకు," అన్నాడు మేస్త్రి.

ఆదివారం డ్రైవర్ల విశ్రాంతి గదికి వెళ్ళాడు. ఒక్క కోరిక కోరాడు: సోమవారం ఒక్కరోజు గుడ్డలు కట్టొద్దు. ఉన్నదున్నట్టు పలకలో నొక్కండి. లోపాలున్నాయని హెడ్డాఫీసుకి తెలియాలి.

గ్రంథం చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "నొక్కుతాం, నువ్వు అడిగావు కాబట్టి. మేం నొక్కాక బస్టాండులో జనం మమ్మల్ని నొక్కుతారు. దానికి నువ్వు రావు కదా?"

"రాను," అన్నాడు మేస్త్రి నిజాయితీగా.

"సరే. కనీసం అబద్ధం ఆడలేదు."

సోమవారం ఎనిమిదింటికల్లా పదిహేడు బస్సులకి తాళం పడింది. పచ్చగా మెరిసే పలక ఎర్రబడి, వేడెక్కి, ఒకసారి ఆరిపోయి మళ్ళీ వెలిగింది. గేటు గుమాస్తా దానికి అట్టముక్కతో విసురుతూ నిలబడ్డాడు. ఆ రోజు జనం ఎంత నడిచారంటే, బస్టాండు ముందు చెప్పులు కుట్టే అతను సాయంత్రానికల్లా చేతివేళ్ళకి కట్టు కట్టుకున్నాడని చెబుతారు.

మేనేజరు గారు షెడ్డులోకి పరుగెత్తుకొచ్చారు. "ఏమయ్యా మేస్త్రీ! నిన్నటిదాకా సున్నా, ఇవాళ పదిహేడు! ఒక్కరోజులో ఏం పట్టిందయ్యా ఈ బస్సులకి?"

"నిజం పట్టింది సార్."

మేనేజరు చెడ్డవాడు కాదు. గుడ్డల సంగతి ఆయనకీ తెలుసు. తెలియనట్టు ఉండటానికి రోజూ అద్దాల వైపు చూడకుండా నడిచేవాడు, పాపం, మెడ పట్టేసేది. ఆయన హెడ్డాఫీసుకి ఫోను చేశాడు. జనం రోడ్డు మీదున్నారు, ఏం చేస్తారో చెయ్యండి అన్నాడు. వాళ్ళు చేశారు. మధ్యాహ్నం రెండింటికి తాళాలన్నీ ఒక్కసారిగా విడిపోయాయి. పలక మీద రెండు ముక్కలు వచ్చాయి: 'సాంకేతిక పొరపాటు. సోమవారం నమోదులు రద్దు చేయబడినవి.'

పదకొండు నెలల అబద్ధం చెక్కుచెదరలేదు. చెప్పిన ఒక్కరోజు నిజాన్నీ పొరపాటని తుడిచేశారు.

తాళాలు ఊడాయి గాని లోపాలు ఊడలేదు. ఆ సాయంత్రం పదిహేడు అద్దాలకీ మళ్ళీ గుడ్డలు పడ్డాయి. వాటిల్లో రెండు ఎరుపు. మేస్త్రి గుంతలోకి దిగాడు. మెట్లు ఐదే. ఆ రోజు పదిహేను అనిపించాయి.

గురువారం అధికారి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి, ఒక మోకాలు నొప్పి, చంకలో లావుపాటి ఫైలు. షెడ్డు వైపు చూడనైనా చూడలేదు. మేనేజరు గదిలో కుర్చీ అంచున కూర్చొని, "ముందు ఆ బండి చూపిస్తే ఫోటో తీసుకుంటాను," అంది.

"ఏ బండి అమ్మా?"

"ఇరవై ఏడు. మొత్తం సంస్థలో ఏ లోపమూ రాని బండి అదొక్కటేనండీ. మిగతావాటికి పలక రాకముందైనా ఏదో ఒకటి రాసి ఉంది. దీనికి నాలుగేళ్ళుగా ఒక్కటంటే ఒక్కటి లేదు. సంవత్సరం పుస్తకం అట్ట మీద వేస్తారు."

మేనేజరు మొహంలో రంగులు మారాయి. "అది... ఉతకడానికి... అంటే కడగడానికి పంపామండీ."

గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి విన్నాడు. ఆ అబద్ధాన్ని అలాగే వదిలేస్తే సరిపోతుంది. ఈవిడ వెళ్ళిపోతుంది, ఒకటో తారీకు వస్తుంది, తను గాలి కొట్టుకుంటాడు. ఇంకా రెండేళ్ళే. రెండేళ్ళు గాలి కొట్టడం నడుముకి ఎంత సుఖం! అతనికి నిజంగానే ఆశ పుట్టింది. తర్వాత స్కూలు ఫోను మోగితే పరుగెత్తే తూనీగ గుర్తొచ్చింది.

"రండమ్మా," అన్నాడు. "నేను చూపిస్తాను. కాస్త ముళ్ళుంటాయి, చూసుకొని నడవండి."

షెడ్డు వెనక నడుం ఎత్తు గడ్డిలో ఇరవై ఏడో నంబరు ఉంది. ఉంది అనడం మర్యాదకి. చక్రాలు లేవు, తలుపులు లేవు, ఇంజను ఉండాల్సిన చోట పిల్లి నాలుగోసారి ఈనింది. నేల రేకులోంచి లేచిన మొక్క డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, అచ్చం వెనక బండికి దారి ఇస్తున్నట్టు ఊగుతోంది. నంబరు పలక మాత్రం శుభ్రంగా ఉంది.

ఆవిడ చాలాసేపు చూసింది. ఫైలు తెరిచింది. "పోయిన నెల నాలుగువేల రెండువందల కిలోమీటర్లు తిరిగిందని ఉంది."

"తిరిగిందమ్మా. ముక్కముక్కలుగా తిరిగింది. గేరుబాక్సు పద్నాలుగో నంబరులో పనిచేస్తోంది. వెనక ఇరుసు ఆరులో. హారను తొమ్మిదిలో ఉంది. ఇందాక మీరు దిగిన బస్టాండులో మొత్తుకున్నది అదే కావచ్చు."

ఆవిడకి నవ్వొచ్చింది. కాని నవ్వడానికి ఓపిక లేనట్టు పక్కనున్న పాత టైరు మీద కూలబడింది. మేస్త్రి అంతా చెప్పాడు. గుడ్డలు, గుమాస్తా మీట, పదిహేడు తాళాలు. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా పెన్ను తియ్యలేదు.

"సోమవారం ఆ నమోదులు రద్దు చేసింది నేనే," అంది చివరికి. "పొద్దున్నించి ఎనభై ఫోన్లు. ఇంకేం చెయ్యాలో తోచలేదు. ఇంకోదానికి మీటే లేదు నా దగ్గర."

"ఇప్పుడు రాసుకోండి మరి."

"నోటిమాట ఎక్కించే చోటు లేదండీ. మీరు రాసి సంతకం పెట్టాలి. పదకొండు నెలలుగా రిపేర్లు జరుగుతున్నాయి, నమోదు మాత్రం చెయ్యలేదు అని. అది ఉంటే షెడ్డులో పని ఉన్నట్టు తేలుతుంది, వాళ్ళిద్దర్నీ కదపలేరు. కాని చెయ్యకుండా ఆపింది ఎవరని అడుగుతారు. ఎవరో ఒకరి పేరు ఉండాలి."

"ఉంటే ఏం చేస్తారు ఆ ఒకర్ని?"

"మేస్త్రిగిరీ తీసేస్తారు. వర్క్‌షాపుకి పంపుతారు." ఆవిడ మోకాలు ఒత్తుకుంది. "లేదంటే బండి కడగడానికి వెళ్ళిందని రాసుకుంటాను. నాకు రెండూ ఒకటే శ్రమ. ఇంటికెళ్ళి ఆలోచించుకుంటారా?"

"ఇంటికెళితే మా ఆవిడ ఆలోచిస్తుంది. కాగితం ఇలా ఇవ్వండి."

ఇరవై ఏడో నంబరు రేకు మీద పెట్టి రాశాడు. గట్టిగా నొక్కి రాసే అలవాటు. రేకు మీద కూడా అచ్చు పడింది. డ్రైవర్ల పేర్లు రాయలేదు. మేనేజరు గారికి తెలియదు అని రాశాడు. 'అంతా నా మాట మీదే జరిగింది' అన్న చోట ఒక్క క్షణం ఆగాడు. గుడ్డలు మొదలుపెట్టింది గ్రంథం, సామాను విప్పే ఆలోచన బావమరిదిది, నీలం గుడ్డ తూనీగది. ఇంత తెలివంతా తనదే అని రాసుకోవడానికి కాస్త సిగ్గేసింది. రాశాడు.

బావమరిదికి సంగతి సాయంత్రం తెలిసింది. స్పానరు నేలకేసి కొట్టాడు.

"నిన్నెవడు అడిగాడు బావా? నేను అడిగానా? అక్కకి ఏం చెప్పాలి నేను?"

"ఏం చెప్పకు. నేను చెబుతాలే."

"ఈ వయసులో సీట్లు బిగిస్తావా నువ్వు?"

"కూర్చొనే కదరా బిగించేది."

"నవ్వించకు," అని బావమరిది గోడవైపు తిరిగిపోయాడు. తూనీగ ఆ ముందురోజు పాపకి బాగాలేక సగం రోజు లేదు. ఇప్పుడు ఇంకో బండి కింద దూరి టార్చి నోట్లో పెట్టుకొని పనిచేస్తోంది. టార్చి తీసి అక్కణ్ణుంచే అంది, "మేస్త్రిగారూ, మీ చేతిరాత నాకు తెలుసు. ఆ కాగితం వాళ్ళు చదవగలిగారంటే అదే ఆశ్చర్యం."

వాళ్ళు చదివారు. పదిహేను రోజుల్లో ఆర్డరు వచ్చింది. షెడ్డులో ఇద్దరు ఉండాలి. బావమరిదే మేస్త్రి. జాబితాలో నలభై మూడో లోపంగా 'ఇతర శబ్దములు' చేర్చారు. ఫోటో తప్పనిసరి.

ఇంట్లో భార్య ఆర్డరు రెండువైపులా తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

"ఎన్నింటికి లేవాలి ఇకనుంచి?"

"నాలుగున్నరకి."

"నా తమ్ముడి కోసమా ఇదంతా?"

"వాడి కోసం నేనెందుకు చేస్తాను? వాడిని వర్క్‌షాపుకి పంపితే అక్కడి బస్సులు పాడైపోతాయని."

ఆవిడ అతని మొహంలోకి చూసి, అలారం పెట్టిన గడియారం తన తలవైపు పెట్టుకుంది.

ఒకటో తారీకు పొద్దున్న మొదటి బస్సు గ్రంథానిది. ముప్ఫై మూడేళ్ళలో ఆ డిపో బస్సులో మేస్త్రి సీటు మీద కూర్చొని వెళ్ళడం అదే మొదలు. బస్సు అప్పటికే సగం నిండింది. డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉంచి గ్రంథం దాని మీద తన టవలు పరిచి పెట్టాడు. పెద్ద మలుపు తిరిగేటప్పుడు కింద ఎక్కడో ఇనుము సన్నగా ఒరుసుకుంది. మేస్త్రి నడుం దానంతటదే నిటారైంది.

గ్రంథం అద్దంలోంచి చూశాడు. "వినిపించిందా?"

"ఆఁ."

"నిన్నటినుంచి వస్తోంది. ఏమిటది మేస్త్రీ?"

మేస్త్రికి తెలుసు. ఏ పక్కది, ఎన్నాళ్ళు ఆగుతుంది, విప్పడానికి ఏ సైజు స్పానరు కావాలి, అన్నీ తెలుసు.

"మేస్త్రి షెడ్డులో ఉన్నాడుగా," అన్నాడు. "తిరిగెళ్ళాక వాణ్ణడుగు. ఇద్దరూ ఉంటారు."

టవలు మడిచి కిటికీకి ఆనించి దాని మీద తల పెట్టాడు. వర్క్‌షాపు ఇంకా రెండు గంటల దూరం. రెండో మలుపు వచ్చేలోపే నిద్రపోయాడు.